ఆరక్షరాల తాత

మొన్న తమ్ముడు ఫోన్‌కి ఒక ఫోటో పంపాడు. ఇంట్లో అటక సర్దుతుంటే మా పాత కంప్యూటర్ పెట్టె దొరికిందట. మూత ఊడదీస్తే లోపల గుప్పెడు వేరుశనగ పొట్టు, రెండు బల్లిగుడ్లు, చిన్నప్పుడు వాడు పోగొట్టుకుని ఇల్లంతా ఏడ్చిన ఒక గోలీ. ఫోటో కింద "ఇది నువ్వే దాచినావు కదా" అని రాశాడు. దాచింది నేనే. ఇన్నేళ్ళ తర్వాత ఒప్పుకుంటే వచ్చే నష్టం ఏమీ లేదు కాబట్టి ఒప్పేసుకున్నాను. కానీ ఆ పొట్టును చూసిన తర్వాత ఆ పూట చేయాల్సిన పని ఏదీ చేయలేకపోయాను.

నేనేమీ ముసలిదాన్ని కాలేదు. ఎవరైనా ఆంటీ అంటే ఇంకా కోపం వచ్చే వయసే. అయినా ఆ రోజుల గురించి చెబుతుంటే, మా అవ్వ తన చిన్ననాటి కరువు గురించి చెప్పినంత పాతగా నా చెవికే వినిపిస్తుంది. ఎందుకంటే ఆ చేలు ఇప్పుడు లేవు. మా ఊరి నుంచి తిరుమణి దాకా వేరుశనగ, కంది, అనుములు వేసే నేలంతా ఇప్పుడు సోలార్ పలకలే. నేను చెప్పబోయేది చేలు ఇంకా పూర్తిగా పోక, పలకలు ఇంకా పూర్తిగా రాక, మధ్యలో దొరికిన ఒక వానాకాలం సంగతి. వానాకాలం అన్నానే గాని, కర్ణాటకలో ఉన్న మా పావగడ వైపు దాన్ని మర్యాద కోసం అలా పిలుస్తాం.

మా చిన్నాయన సోలార్ వాళ్ళ ఆఫీసులో కాపలా పని చేసేవాడు. అక్కడికి కొత్త కంప్యూటర్లు వస్తే పాతవాటిలో ఒకటి ఆయనకిచ్చారు. దాన్ని దుప్పట్లో చుట్టి, బైకు మీద ఒళ్ళో పెట్టుకుని, బాలింతను పుట్టింటికి తెచ్చినంత మెల్లగా తెచ్చాడు. ఇంట్లో ప్లగ్ పాయింటు సరిగా ఉన్నది శెనక్కాయల మూటలు పెట్టే గదిలోనే. అందుకని మూటలను ఒక పక్కకు జరిపి, వాటి మధ్యే దానికి ఒక బల్ల వేశారు. పచ్చి కాయల వాసన, గోనెపట్టాల వాసన, మూటల మీద పరిచిన వేపాకు వాసన, ఆ పెట్టె వేడెక్కితే లేచే దుమ్ము వాసన అన్నీ కలిసి ఉండేవి. ఇప్పటికీ నాకు కంప్యూటర్ అంటే ఆ వాసనే. ఏసీ గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడల్లా ఏదో తక్కువైనట్టే ఉంటుంది.

మా చుట్టూ కరెంటు పుట్టించే పని జరుగుతూ ఉండేది గానీ మా ఇంటికి మాత్రం అది చుట్టంలా వచ్చి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయేది. వచ్చిన కాసేపట్లోనే మేం ఆడుకోవాలి. ఆడుకోవడానికి ఆ పెట్టెలో ఉన్నది ఒకే ఒక్క ఆట. ఎవరో ఇంజనీరు అందులో మరిచిపోయి వెళ్ళినది.

"జపాన్ వాళ్ళదంట," అన్నాడు చిన్నాయన. "ఒకటి కాదు, మూడు భాగాలుండాయి. మీ పరీక్షలయ్యేలోగా ఒక్కటి ముగించినా మీరు మొనగాళ్ళే."

తుపాకులు, కార్లు ఉండే ఆటలు బజారులో సెల్ షాపులో చూసినవాళ్ళం. ఇది వాటిలా లేదు. గొడుగు పట్టుకున్న ఒక పిల్లవాడు. వాళ్ళ ఊరి గంటను ఎవరో ఎత్తుకుపోతే వెతకడానికి బయలుదేరతాడు. దారిలో వాడి మీదికి రాక్షసులు రారు. అలిగిన చెత్తబుట్ట వస్తుంది, తుమ్ములు ఆగని పోస్టు డబ్బా వస్తుంది, ఎవరూ తనను మెచ్చుకోవడం లేదని ఏడ్చే చీపురు వస్తుంది. ఓడిపోతే అవి చచ్చిపోవు, తప్పయిందని చెప్పి ఇంటికి పోతాయి. సత్రంలో మంచం అడిగితే సత్రం ఆయన ముందు తన మోకాళ్ళ నొప్పి గురించి అంతా చెప్పి ఆ తర్వాతే మంచం చూపిస్తాడు. ఆ మాటలన్నీ ఇంగ్లీషులో కింద గడిలో వచ్చేవి. నేను కన్నడ బడిలో ఎనిమిదో తరగతి. ఇంట్లో ఇంగ్లీషుకి నేనే దిక్కు. తెలిసింది తెలుగులో చెప్పేదాన్ని, తెలియనిది కూడా తెలుగులో చెప్పేదాన్ని. సగం కథ జపాన్ వాళ్ళు రాసినదీ, సగం నేను రాసినదీ.

ఆట మొదలుపెట్టగానే ఒక గడి వెలిగి, పిల్లవాడికి పేరు పెట్టమంది. నా పేరు పెడతానన్నాను. ఆటలో ఉన్నది మగపిల్లవాడు కదా అని తమ్ముడు తన పేరు పెట్టమన్నాడు. జుట్లు పట్టుకున్నాం. అమ్మ వచ్చి ఇద్దరికీ చెరొకటి ఇచ్చి, "ఇద్దరిదీ వద్దు, తాత పేరు పెట్టండి" అని తీర్పు చెప్పి పోయింది. తాత పోయి అప్పటికి ఏడాది. గోడ మీద ఫోటోలో కొత్త దండ ఇంకా మెరుస్తూ ఉండేది. సరే అని కొట్టడం మొదలుపెట్టాను. ఆరక్షరాలకే గడి నిండిపోయింది. తాత పేరు పొడుగు పేరు. సగంలో తెగిపోయింది. మిగతాది ఎంత నొక్కినా ఎక్కలేదు.

"తాత ఆడికే చాలన్నాడేమో," అన్నాడు తమ్ముడు.

ఆ పేరేమిటో నేనిక్కడ రాయను. రాస్తే అవ్వకు తెలుస్తుంది. ఆమె చదవలేదు గానీ, నేను రాసినవన్నీ పక్కింటి పిల్లచేత చదివించుకుంటుంది. అవ్వ పెళ్ళయినప్పటి నుంచీ ఆ పేరును పలికినది కాదు. మా వైపు పాతకాలపు ఆడవాళ్ళు ఎవరూ మొగుడి పేరు పలకరు. కానీ అవ్వ పట్టింపు అక్కడితో ఆగలేదు. తాత పేరులో పొద్దున తూర్పున వచ్చే దేవుడున్నాడు కాబట్టి ఆ దేవుణ్ణీ పేరుతో పిలిచేది కాదు. 'పొద్దు' అనేది. పొద్దెక్కింది, పొద్దు వాలింది, పొద్దుకు దండం పెట్టండి. ఆ పేరులో రెండో సగం విష్ణుమూర్తిది. అందుకని భజనలో ఆ ముక్క వచ్చినప్పుడు అవ్వ దగ్గేది. మా ఊరి భజనలో అవ్వ దగ్గు కూడా తాళంలో పడేది.

ఇప్పుడు ఆ పేరున్నవాడు గొడుగు పట్టుకుని శెనక్కాయల గదిలో తిరగడం మొదలుపెట్టాడు. అవ్వ మూటకు ఆనుకుని కాయలు ఒలుస్తూ, మొదట్లో ఓరకంట చూసేది. రెండో రోజుకి చాట కింద పెట్టింది. మూడో రోజుకి, "ఆయప్ప ఇప్పుడు యాడ ఉండాడు?" అని అడిగింది. ఆయప్ప అంటే మా వైపు ఆయన.

ఆ ఆటలో ఊళ్ళోవాళ్ళు ఏం మాట్లాడినా ముందు పేరు పెట్టి పిలుస్తారు. అవ్వ దగ్గర ఉంటే నేను ఆ పేరు తీసేసి 'ఆయప్ప' అని చదివేదాన్ని. 'ఆయప్పా, అన్నం తిన్నావా?' 'ఆయప్పా, మా గొర్రె కనిపించిందా?' సత్రం ఆయన మోకాళ్ళ నొప్పి వచ్చినప్పుడు మాత్రం అవ్వ చదవడం ఆపించి, "పాపా, నల్లేరు కట్టమని చెప్పు" అనేది. చెప్పడానికి ఆటలో దారి లేదంటే ఒప్పుకునేది కాదు. "మాట్లాడేకి నోరుండాది, వినేకి చెవుల్లేవా వానికి?" అని సత్రం ఆయన మీద కోపం.

చెబితే నవ్వుతారు గాని, ఒక సంగతి చెప్పాలి. పిల్లవాడి బొమ్మ పక్కన హెచ్‌పీ 30 అని ఉండేది, వాడి ఒంట్లో మిగిలిన బలం లెక్క. హెచ్‌పీ అంటే మా ఊళ్ళో పుట్టిన ప్రతి బిడ్డకూ తెలుసు. బోరు మోటారు. ఐదు హెచ్‌పీ ఉంటే పర్వాలేదు, పది హెచ్‌పీ ఉంటే పెద్ద రైతు.

"ముప్పై హెచ్‌పీనా?" అంది అవ్వ. తాత జీవితమంతా ఐదు హెచ్‌పీ మోటారుతో కొట్లాడినవాడు. ఆమె ముఖం వెలిగిపోయింది. చీపురు దెబ్బ తగిలి హెచ్‌పీ పన్నెండుకు పడిపోతే, "బోరు ఎండుతాండాది, ఆపండి, రెస్టు ఇయ్యండి" అని కంగారు. అదీ సరిగ్గానే పనిచేసింది. సత్రంలో పడుకోబెడితే మళ్ళీ ముప్పైకి వచ్చేది.

అసలు తంటా ఇంకొకటి. ప్రతి కొట్లాట తర్వాత ఈఎక్స్‌పీ పన్నెండు, ఈఎక్స్‌పీ ఇరవై అని వచ్చి, అది పెరుగుతూ పోయేది. అవ్వ బీపీ మాత్రల అట్ట మీద, పురుగుమందు డబ్బా మీద ఆ మూడక్షరాలు నేను ఎన్నోసార్లు చదివి వినిపించాను. ఎక్స్‌పైరీ. ఆ తేదీ దాటితే పారేయాలి. కాబట్టి కొట్లాడిన కొద్దీ తాతకు ఎక్స్‌పైరీ దగ్గరపడుతోందని ఇంగ్లీషు పండితురాలిగా నేను తేల్చాను.

అవ్వ ముఖం ఒక్కసారిగా చిన్నబోయింది. "ఒకసారి పోయింది చాలదా? ఇంక కొట్లాట వద్దు పాపా. ఎవరొచ్చినా పరుగెత్తించు."

అంతే, నెల రోజులు పరుగే. చెత్తబుట్టను చూస్తే పరుగు, పోస్టు డబ్బా తుమ్మితే పరుగు. తాత గొడుగు ఒక్కసారైనా ఎత్తకుండా ఆ లోకమంతా పారిపోతూనే ఉన్నాడు. మొదటి వంతెన దగ్గర ఒక పెద్ద బీరువా అడ్డం పడింది. దాన్నుంచి పారిపోవడానికి లేదు. ఒక్క దెబ్బకు ఓడిపోయేవాళ్ళం. చివరికి చిన్నాయన వచ్చి చూసి, సంగతేమిటో విని, మూట మీద పడి కడుపు పట్టుకుని నవ్వాడు.

"ఎక్స్‌పైరీ కాదు మే. ఎక్స్‌పీరియన్స్. కొట్లాడేకొద్దీ అనుభవం వస్తాది."

నేను సిగ్గుతో చచ్చిపోయాను. తమ్ముడు వారం రోజులు నన్ను 'ఎక్స్‌పైరీ' అనే పిలిచాడు. గోలీ దాచింది అప్పుడే. అవ్వ మాత్రం తీరిగ్గా కాళ్ళు చాపుకుని, "అనుభవమా? అట్లయితే కొట్లాడనీ" అంది. ఆ సాయంత్రమే దారిలోని చెత్తబుట్టలన్నిటితో కొట్లాడి, అందరం ఉడికించిన కాయలు ఒలుచుకుంటూ బీరువాను ఓడించాం. అది తప్పయిందని చెప్పి ఇంటికి పోయింది.

ఆ ఆటలో ఎక్కడిదాకా వచ్చామో దాచుకోవాలంటే, ఒక పెంకుటింట్లో ముసలామె దగ్గర చాప మీద కూర్చుని టీ తాగాలి. ఆ ముసలామెకు మతిమరుపు. మళ్ళీ ఆట తెరిచినప్పుడల్లా 'నువ్వెవరు బాబూ?' అని అడిగేది. అప్పుడు పేరు ఒక్కొక్క అక్షరమే కొట్టాలి. కరెంటు రోజుకు నాలుగుసార్లు పోతే నాలుగుసార్లు కొట్టాలి. పగలంతా మేం బడిలో ఉంటాం. ఇంట్లో ఆటకు అలవాటుపడిన అవ్వ ఒక్కతే.

"నాకు నేర్పించు పాపా, ఆ ముసలామెకు నేను చెప్పుకుంటా," అంది ఒకరోజు.

"తాత పేరు అవ్వా అది."

అవ్వ గోడ మీది తాత ఫోటో వైపు చూసింది. "నోరంటే నోరు. వేలు వేరే," అని తేల్చింది.

అక్షరాలు తెలియవు కాబట్టి ఆకారాలు చెప్పాను. మొదటిది పాము. రెండోది ఎద్దుకు కొట్టే లాడం. మూడోది కాలు చాపిన ముసలామె. నాలుగోది పంగలకర్ర. ఐదోది గుడిసె. ఆరోది రెండు గుంజల మధ్య వాలిన కట్టె. మూడు రోజుల్లో పట్టేసింది. నేను బడి నుంచి వచ్చేసరికి తాత రెండు ఊళ్ళు దాటి ఉండేవాడు. వేలు మాత్రం ప్రతిసారీ ముందు కొంగుకు తుడుచుకునేది.

ఇంతలో ఊళ్ళో చేల సంగతి వచ్చిపడింది. సోలార్‌కు కౌలుకిచ్చే చేలన్నిటికీ పహణిలో పేర్లు సరిచేస్తున్నారు. పహణి అంటే చేను ఎవరిదో చెప్పే కాగితం. మాది ఇంకా తాత పేరు మీదే ఉంది. నాయన, చిన్నాయన కూర్చుని మాట్లాడుకుని, అవ్వ పేరుకే మారుద్దామనుకున్నారు. అవ్వకు చెప్పినప్పుడు నేను అక్కడే ఉన్నాను. చేతిలో చాట అలాగే పట్టుకుని, "నా పేరు మీదనా?" అని రెండుసార్లు అడిగింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నలభై ఏండ్లు ఆ చేన్లో కలుపు తీసినా. ఆ మట్టికి నా చెయ్యి తెలుసు. కాగితానికి తెలీదు. పలకల కిందికి పోయే ముందన్నా ఒకసారి తెలవనీ," అంది.

ఆమె ఏదైనా కావాలని అడగడం నేను విన్నది అదే మొదటిసారి. చీర కావాలని కూడా ఎప్పుడూ అడిగింది లేదు.

మా బడి వరండాలోనే క్యాంపు పెట్టారు. వచ్చిన ఆఫీసరు దూరపు జిల్లా మనిషి. తెలుగు సగం అర్థమయ్యేది, మాట్లాడటం రాదు. పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకుని ఒక కుర్రాడు కొడుతున్నాడు. అవ్వ వంతు వచ్చింది. కాగితాలన్నీ చూసి, "గండన హెసరు హేళమ్మా" అన్నాడు ఆఫీసరు. మొగుడి పేరు చెప్పమని. అవ్వ చిన్నాయన వైపు చూసింది. చిన్నాయన చెప్పబోతే ఆఫీసరు చెయ్యి అడ్డం పెట్టాడు. ఎవరి హేళికె, అంటే వాంగ్మూలం, వాళ్ళ నోటితోనే చెప్పాలట.

అవ్వ గొంతు సవరించుకుంది. "పొద్దున్నే తూర్పున వస్తాడు కదా సామీ. అందరికీ వెలుగిస్తాడు. ఇప్పుడు పలకలు పెట్టి పట్టుకుంటాండారే, ఆయప్ప."

ఆఫీసరు శ్రద్ధగా విన్నాడు. "ఓ, సోలార్‌నల్లి కెలస మాడ్తారా? యావ కంపెని?" అన్నాడు. సోలార్ వాళ్ళ దగ్గర పని చేస్తారా, ఏ కంపెనీ అని.

వరండా అంతా నవ్వు. అవ్వ నవ్వలేదు. ఇది సగమేనన్నట్టు వేలు చూపించి, రెండో సగానికి వచ్చింది. "పాల సముద్రంలో పడుకోనుంటాడు సామీ."

"మలగిదారా? హాగాదరె ఎబ్బిసి కర్కొండు బన్ని," అన్నాడాయన. పడుకుని ఉంటే లేపి తీసుకురమ్మని.

ఈసారి ఎవరూ నవ్వలేదు. అవ్వే, "లేపేకయ్యేట్టుంటే నేను ఈడికి ఎందుకొస్తానప్పా" అంది.

కుర్రాడు విషయం చెప్పాడు. ఆఫీసరు పాపం నొచ్చుకున్నాడు. మంచి మనిషే. వచ్చే వారం మళ్ళీ వస్తాననీ, అప్పటికి చెప్పలేకపోతే పెద్దకొడుకు పేరుకి మార్చేద్దాం, అది సులువనీ అన్నాడు. నాయన తలూపాడు. అవ్వ కాగితాలు కొంగులో చుట్టుకుని ఇంటిదారి పట్టింది.

ఆ వారం మా ఇల్లు నాటకం రిహార్సలు జరిగే చోటులా మారిపోయింది. కళ్ళు మూసుకుని చెప్పమన్నాడు చిన్నాయన. గబగబా చెప్పేస్తే తప్పు అంటదన్నాడు తమ్ముడు. దేవుణ్ణి పిలుస్తున్నాననుకుని చెప్పమంది అమ్మ. అవ్వ పెరట్లో గోడ వైపు తిరిగి నిలబడి ప్రయత్నం చేయడం నేను కిటికీలోంచి చూశాను. నోరు తెరిచేది, మొదటి శబ్దం సగం వచ్చేది, దగ్గు వచ్చేది. గుడి పూజారి దారిలో కనిపించి, "ఆయన పోయినాడు కదమ్మా, ఇంక పలికితే తప్పులేదు" అన్నాడు. అవ్వ ఆయన వైపు తిరిగి, "మనిషి పోయినాడని పేరుకి కూడా మర్యాద పోయిందా సామీ?" అని అడిగింది. ఆయన చేతిలోని గంట సర్దుకుంటూ పోయాడు. ఆ వారమంతా ఆమె ఆట దగ్గరికి రాలేదు. నాకు చాలా దిగులేసింది. ఇంగ్లీషు కథలో ఎంత మసాలా కలిపి చెప్పినా వినడానికి ఎవరూ లేరు.

రెండో క్యాంపు రోజు మా బడికి సగం పూట సెలవు. అవ్వ పక్కనే నేనూ నిలబడ్డాను. ఆఫీసరు ఈసారి మెల్లగా, తెలుగులాంటిదేదో మాట్లాడుతూ అడిగాడు. అవ్వ పెదవులు కదిలాయి. గొంతు రాలేదు. ఆయన ఆగాడు, మళ్ళీ అడిగాడు. వెనక వరుస పెద్దదవుతోంది. చివరికి ఆయన నాయన వైపు తిరిగి, "నిమ్మ హెసరిగే మాడోణా?" అన్నాడు. మీ పేరుకే చేసేద్దామా అని. నాయన అవ్వను చూశాడు. అవ్వ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. నాకు ఏడుపొచ్చింది, ఆఫీసరు మీద కాదు, ఎవరి మీదో తెలియదు.

అప్పుడు అవ్వ చూపు ల్యాప్‌టాప్ మీద పడింది.

"అప్పా," అంది కుర్రాడితో, "ఆ పెట్టె రవంత ఇట్లా తిప్పు."

కుర్రాడు ఆఫీసరును చూశాడు. ఆయనకు ఏమీ అర్థం కాలేదు, అయినా తలూపాడు. అవ్వ బెంచీ మీద కూర్చుంది. చూపుడు వేలు కొంగుకు తుడుచుకుంది. బటన్ల మీదికి వంగి, వెతుక్కోకుండా, తడుముకోకుండా నొక్కింది. పాము. లాడం. కాలు చాపిన ముసలామె. పంగలకర్ర. గుడిసె. వాలిన కట్టె. నొక్కి, చేతులు ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చుంది.

ముసలాళ్ళందరూ అవ్వ వేలి వైపు చూస్తున్నారు.

కుర్రాడు తెర వైపు వంగాడు. "ఇంకా ఉంది కదవ్వా. ఇది సగమే."

"లేదప్పా. అంతే పట్టేది."

"యాడ పట్టేది?"

"మా ఇంట్లో," అంది అవ్వ, ఇంత తెలియదా అన్నట్టు.

నేను నవ్వాపుకోలేక తల దించుకున్నాను. కుర్రాడు ఇక్కడి గడి పొడుగైనదనీ, ఎంత పేరైనా పడుతుందనీ చెప్పాడు. అవ్వ నమ్మలేనట్టు తెరను చూసింది. తర్వాత నన్ను దగ్గరికి పిలిచింది. "పాపా, మిగతాది చూపించు."

మిగతావి పది అక్షరాలు. నేను ఒక్కొక్క బటన్ చూపించాను, ఆమె నొక్కింది. అన్నీ పాత చుట్టాలే. మళ్ళీ గుడిసె, మళ్ళీ ముసలామె, మళ్ళీ పంగలకర్ర. కొత్తది ఒక్కటే వచ్చింది. "ఇదేంది?" అంటే, "కాలు ముడుచుకున్న ముసలామె" అన్నాను. రెండుసార్లు నొక్కమన్నాను. చివరి గుడిసె పడింది. తాత పేరు ఎక్కడా తెగకుండా తెర మీద ఈ చివర నుంచి ఆ చివరకు నిలబడింది.

అవ్వ దాన్ని చాలాసేపు చూసింది. "ఇంత పొడుగుండాదా ఆయప్ప పేరు," అంది మెల్లగా.

ఆఫీసరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నోటితో చెప్పినట్టే రాసుకున్నాడు. అవ్వ వెనక వరుసలో ఉన్న ఇద్దరు ముసలమ్మలు ఆ మిషను మాకూ కావాలన్నారు. కుర్రాడు నెత్తి కొట్టుకున్నాడు.

"నిమ్మ హెసరు?" అని అడిగాడు ఆఫీసరు, ఇంక మిగిలింది అదే కాబట్టి.

అవ్వ చెప్పింది. గట్టిగా, వరుస చివరిదాకా వినపడేలా చెప్పింది.

ఆ పేరు నేను అంతకు ముందు వినలేదు. రేషన్ కార్డులో ఉండే ఉంటుంది, నేను ఎన్నడూ చూడలేదు. ఇంట్లో ఆమె అమ్మ, అవ్వ, అత్త. ఊళ్ళో పెద్దమ్మ, వదిన. తాత బతికున్నంత కాలం 'ఇదో' అనో, 'వింటివా' అనో పిలిచేవాడు. ఆయన కూడా ఆమె పేరు పలికినవాడు కాదని ఆ వరండాలో నాకు మొదటిసారి తట్టింది. పదమూడేళ్ళు ఆమె ఒళ్ళో పెరిగిన నాకు, తాత పేరు పెట్టాలనిపించింది గానీ ఆమె పేరేమిటని అడగాలనిపించలేదు. సిగ్గేసింది.

కొన్నాళ్ళకు పహణి వచ్చింది. ఆ చేను పలకల కిందికి పోయింది. అవ్వ ఇప్పటికీ ముళ్ళకంచె దగ్గర నిలబడి, ఏ వరుస నుంచి ఏ వరుసదాకా తనదో వచ్చినవాళ్ళకు చూపిస్తుంది. ఆ మూడు భాగాల ఆటలో మేం రెండో భాగం సగంలోనే ఆగిపోయాం. ఊరి గంట ఎవరు ఎత్తుకుపోయారో నాకు ఈరోజుకీ తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. నాకు కావలసింది ఆ క్యాంపు నుంచి ఇంటికి వచ్చిన సాయంత్రం ఒక్కటే.

కాళ్ళు కడుక్కుని నేరుగా శెనక్కాయల గదిలోకి వెళ్ళాను. కరెంటు ఉంది. తాత ఆటను ముట్టకుండా పక్కన కొత్త ఆట తెరిచాను. పేరు పెట్టమని గడి వెలిగింది. తమ్ముడు కూడా ఈసారి పోట్లాడలేదు. అవ్వ పేరు కొట్టాను. ఎక్కడా తెగలేదు.

అవ్వను పిలిచి మూట మీద కూర్చోబెట్టాను. గొడుగు పట్టుకుని బయలుదేరిన పిల్లవాణ్ణి ఆమె మొదటి ఊళ్ళో బావి దగ్గర కూర్చున్న ముసలాయన దగ్గరికి నడిపించింది. మాటలు గడిలో వచ్చాయి. నేను చదివాను. ఈసారి పేరు తీసేయకుండా, ఆమె పేరు పెట్టి చదివాను.

"ఫలానా, అన్నం తిన్నావా? ఎండలో తిరగొద్దు."

ఫలానా అని ఇక్కడ రాశాను గానీ, అప్పుడు పేరే చదివాను. అవ్వ బటన్ మీద వేలు అలాగే ఉంచింది.

"మళ్ళీ చెప్పించు," అంది.

మళ్ళీ నొక్కింది. మళ్ళీ చదివాను. ఆ ముసలాయనకు చెప్పడానికి ఆ రెండు మాటలు తప్ప ఇంకేమీ లేవు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి రాగిముద్ద చల్లారిపోతోందని పిలుస్తోంది. తమ్ముడు గంట వెతకడానికి పోదాం పద అని విసుక్కున్నాడు. అవ్వ ఎవరి మాటా వినలేదు. కరెంటు పోయేదాకా ఆ బావి దగ్గరే నిలబడి, ఆయన చేత పేరు పెట్టి పిలిపించుకుంటూనే ఉంది.